‘తొలి ముస్లిం రాష్ట్రపతి’ అన్న ముద్ర వెనక మరుగుపడిన మాస్టారు

1967 ఏప్రిల్‌లో కోకా సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశారు. రిటైర్ కావడానికి ఇంకా మూడు నెలలుంది. రాజమండ్రిలో పుట్టిన మనిషి, అంతకు కొన్ని వారాల ముందే గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు కూడా వెళ్లకూడదని తీర్పు చెప్పి దేశమంతా చర్చ లేపిన జడ్జి. ఆయన కుర్చీ దిగింది రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా నిలబడటానికి. ఎదుటి అభ్యర్థి హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్, జీవితంలో ఎక్కువ భాగం బడిలోనూ యూనివర్సిటీలోనూ గడిపిన మాస్టారు.

ఆ ఎన్నికలో మాస్టారు గెలిచారు. గెలిచిన రోజు నుంచి ఇప్పటిదాకా ఆయన పేరు ముందు ఒకే ముక్క వస్తోంది: తొలి ముస్లిం రాష్ట్రపతి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకి ఇంకో ముక్క కూడా తెలుసు, పదవిలో ఉండగా చనిపోయిన మొదటి రాష్ట్రపతి అని. రెండూ నిజాలే. కానీ ఆయన పుట్టుక గురించి ఒకటి, చావు గురించి ఒకటి చెబితే మధ్యలో 72 ఏళ్లు ఆయన చేసిన పని ఎక్కడికి పోయింది? నాకు ఈ విషయం మీద కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. ఆ ముద్ర వేసినవాళ్లలో ఆయన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ కలిసి ఆయన అసలు పనిని పక్కన పెట్టేశారు. ఆ పనేంటో తెలియకపోతే ఒక టీచరు రాష్ట్రపతి భవన్ దాకా ఎలా వెళ్లాడో, వెళ్లాక అంత మౌనంగా ఎందుకున్నాడో అర్థం కాదు.

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. వాళ్లది ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడిన పఠాన్ కుటుంబం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ వకీలుగా బతకడానికి హైదరాబాదు వచ్చి ఇక్కడ బాగానే స్థిరపడ్డారు. పిల్లవాడికి పదేళ్లప్పుడు, 1907లో, తండ్రి పోయారు. కుటుంబం తిరిగి కాయంగంజ్ వెళ్లిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకి ప్లేగు వచ్చి తల్లి కూడా పోయింది. ఏడుగురు మగపిల్లల్లో ఈయన మూడోవాడు. హైదరాబాదుతో ఆ ఇంటికి బంధం మాత్రం తెగలేదు, తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీలో చరిత్ర చెప్పారు. ఇంకో తమ్ముడు మహమూద్ హుస్సేన్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండిపోయి అక్కడ విద్యాశాఖ మంత్రి, కరాచీ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఒకే తల్లి బిడ్డలు, ఇద్దరూ చదువుల మనుషులే, మధ్యలో సరిహద్దు. ఆ తరం ముస్లిం కుటుంబాల్లో ఇది అరుదేమీ కాదు గానీ, అన్న ఇటు రాష్ట్రపతి, తమ్ముడు అటు మంత్రి అన్న ఇల్లు మాత్రం అరుదే.

అసలు మలుపు 1920. అప్పుడాయన వయసు 23, అలీగఢ్ కాలేజీలో ఎం.ఏ. చదువుతూనే పాఠాలు కూడా చెబుతున్నారు. గాంధీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి ప్రభుత్వ సాయంతో నడిచే కాలేజీలు వదిలి రమ్మన్నారు. చాలామంది కుర్రాళ్లు ఊగిసలాడారు, ఉద్యోగాలు పోతాయని భయం, ఇళ్లలో గొడవ. జాకిర్ హుస్సేన్ వెళ్లి, ఢిల్లీలో పేరున్న వైద్యుడూ జాతీయ నాయకుడూ అయిన హకీం అజ్మల్ ఖాన్ లాంటి పెద్దల్ని కలిసి, మీరు జాతీయ విద్యాలయం పెడితే మేం బయటికి వస్తాం అని చెప్పారు. 1920 అక్టోబర్ 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. సహాయ నిరాకరణ అంటే చాలామందికి బహిష్కరించడం, వదిలేయడం. ఈయన మాత్రం వదిలేశాక చేరడానికి ఇంకో బడి కావాలని అడిగారు.

1922లో జర్మనీ వెళ్లారు. బెర్లిన్ యూనివర్సిటీలో ఆర్థికవేత్త వెర్నర్ సోంబార్ట్ దగ్గర, భారతదేశంలో బ్రిటిష్ వాళ్ల వ్యవసాయ విధానం మీద డాక్టరేట్ చేశారు. అక్కడే ఉర్దూ కవి గాలిబ్ కవితల్ని బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్‌లో అందంగా అచ్చు వేయించారు, ఆ అచ్చు అక్షరాల కూర్పు కూడా చాలావరకు తనే కూర్చుని చేసుకున్నారు. ఆయన స్వభావం తెలియాలంటే ఈ చిన్న విషయం చాలు. డాక్టరేట్ కోసం పోయిన మనిషి ప్రెస్సులో కూర్చుని సీసపు అక్షరాలు పేర్చడమేంటి అని అడిగితే, చేతిపనికీ చదువుకీ మధ్య గోడ ఉండకూడదని ఆయన తర్వాత జీవితమంతా వాదించారు మరి.

ఈలోపు ఇక్కడ జామియా చివరి దశకు వచ్చేసింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది, చందాలు ఆగిపోయాయి, మూసేద్దామా అని పెద్దలు చర్చించుకుంటున్నారు. జర్మనీ నుంచి జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ కబురు పంపారు, మేం వచ్చి పనిచేస్తాం, మూయొద్దు అని. గాంధీ అయితే అవసరమైతే నేను జోలె పట్టి అడుక్కొస్తాను, ఆపొద్దు అన్నారు. 1925లో జామియా ఢిల్లీ కరోల్‌బాగ్‌కి మారింది, 1926లో ఈ ముగ్గురూ వచ్చి చేరారు, 29 ఏళ్లకే జాకిర్ హుస్సేన్ వైస్ ఛాన్సలర్ అయ్యారు.

వైస్ ఛాన్సలర్ అంటే ఇప్పుడు మనకి కారు, బంగళా, పెద్ద ఆఫీసు గుర్తొస్తాయి కదా, జామియాలో ఆ పదవికి ఉన్నది అప్పులు. 1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ పోయారు, ఉన్న ఒక్క పెద్ద దిక్కూ పోయింది. 1928లో టీచర్లే ఒక సంఘంగా ఏర్పడి ప్రమాణం చేశారు: ఇరవై ఏళ్లు ఇక్కడే పనిచేస్తాం, నెలకి 150 రూపాయలకు మించి జీతం తీసుకోం. ఆ 150 కూడా సక్రమంగా అందింది లేదు. బెర్లిన్ డాక్టరేట్ ఉన్న మనిషికి ఆ రోజుల్లో బయట దొరికే జీతంతో పోలిస్తే అదెంత తక్కువో వేరే చెప్పక్కర్లేదు. నవాబులు, జమీందార్ల మీద ఆధారపడితే వాళ్ల మూడ్ మారినప్పుడల్లా బడి ఊగుతుందని అర్థమై, ‘హమ్‌దర్దానె జామియా’ అనే పేరుతో మామూలు జనం నుంచి చిన్న చిన్న మొత్తాలు పోగుచేసే పద్ధతి పెట్టారు. నిజాం ప్రభుత్వం నుంచీ కొంత సాయం అందింది. బ్రిటిష్ ప్రభుత్వం ఈ డిగ్రీల్ని గుర్తించదు, కాబట్టి ఇక్కడ చదివితే సర్కారు ఉద్యోగం రాదు. అయినా పిల్లలు వచ్చారు, టీచర్లు ఉన్నారు. ఇలా 22 ఏళ్లు, 1948 దాకా.

1935లో ఢిల్లీలోని ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన చేయించాల్సి వచ్చినప్పుడు ఏ నవాబునో, ఏ నాయకుడినో పిలవకుండా బడిలో అందరికంటే చిన్న పిల్లాడి చేత రాయి వేయించారు. ప్రాథమిక బడిలో పిల్లల బ్యాంకు ఉండేది, పిల్లల దుకాణం ఉండేది, లెక్కలు అక్కడ నేర్చుకునేవాళ్లు. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ, హిట్లర్ రోజులు దగ్గరపడుతుండగా జర్మనీ వదిలి వచ్చి ఇక్కడ చిన్నపిల్లల విభాగంలో చేరింది. పిల్లలంతా ఆపాజాన్ అని పిలిచేవాళ్లు. 1943లో క్యాన్సర్‌తో పోయింది, జామియాలోనే సమాధి ఉంది.

జామియా వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఒక సంగతి రాయకుండా ముందుకు పోలేను. ప్రాథమిక తరగతి పిల్లలు పాసైన సందర్భంగా వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా మిఠాయిలు పంచుతున్నారు. మధ్యలో మనిషి వచ్చి చెవిలో చెప్పాడు, మీ చిన్నమ్మాయికి చాలా సీరియస్‌గా ఉందని. పంచుతూనే ఉన్నారు. కాసేపటికి మళ్లీ వచ్చాడు, పాప పోయిందని. మొహం పాలిపోయింది గానీ చెయ్యి ఆపలేదట. తర్వాత ఎందుకలా చేశారని అడిగితే, పిల్లలు అంత సంతోషంగా ఉన్నారు, దాన్ని పాడుచేయబుద్ధి కాలేదు అన్నారని చెబుతారు. ఇది గొప్పా, కఠినమా అని నేను తేల్చలేను, ఇంట్లో ఉన్న భార్య షాజహాన్ బేగం గారికి ఆ రోజు ఎలా గడిచి ఉంటుందన్న ఆలోచన నన్ను వదలదు.

ఇక్కడి నుంచి జాతీయ స్థాయికి ఆయన్ని తెచ్చింది 1937 వార్ధా సమావేశం. కాంగ్రెస్ మొదటిసారి రాష్ట్రాల్లో అధికారంలోకి వచ్చింది, మరి బడుల సంగతేంటి? సారాయి మీద వచ్చే ఆదాయంతో బడులు నడపడం గాంధీకి ఇష్టం లేదు. బడిలో పిల్లలు చేతిపని నేర్చుకుని, దాని మీద వచ్చిన డబ్బుతోనే టీచరు జీతం గడిచేలా చూడాలన్నది ఆయన ఆలోచన. అక్టోబర్ 22, 23 తేదీల్లో జరిగిన ఆ సమావేశానికి గాంధీయే అధ్యక్షులు. అక్కడ జాకిర్ హుస్సేన్ లేచి అభ్యంతరం చెప్పారు. చేతిపని ద్వారా చదువు అన్నది సరే, ప్రపంచంలో మంచి విద్యావేత్తలందరూ ఒప్పుకునేదే. కానీ బడి తన ఖర్చు తనే సంపాదించుకోవాలని గట్టిగా పట్టుబడితే ప్రమాదం, టీచర్లు పేదపిల్లల చేత వెట్టిచాకిరీ చేయించే మేస్త్రీలుగా మారతారు, అప్పుడు తకిలి (నూలు వడికే చిన్న కదురు) పుస్తకం కన్నా అన్యాయమైపోతుంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు.

గాంధీ ఏం చేశారో చూడండి. పథకం తయారుచేసే కమిటీకి ఈయన్నే అధ్యక్షుడిగా పెట్టారు. ఆ డిసెంబర్‌లోనే నివేదిక వచ్చింది: ఏడు నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని చుట్టూ మిగతా పాఠాలన్నీ అల్లడం. నూలు వడకడంలో లెక్కలు వస్తాయి, పత్తి ఎక్కడ పండుతుందంటే భూగోళం వస్తుంది, మగ్గం ఎవరు నేస్తారంటే సమాజం వస్తుంది. ఇదే బేసిక్ విద్య, నయీ తాలీమ్. మన దగ్గర కూడా పాత తరం వాళ్లకి బేసిక్ స్కూళ్లు, బేసిక్ ట్రైనింగ్ బాగానే తెలుసు. ముస్లిం లీగ్ మాత్రం ఈ పథకాన్ని గట్టిగా వ్యతిరేకించింది, ఇది గాంధీ మతాన్ని మా పిల్లలకి ఎక్కించడమేనంది. కమిటీ అధ్యక్షుడు ముస్లిం అయినా ఆ అనుమానం పోలేదు, నిజానికి అందుకే ఆయన మీద ఇంకా కోపం పెరిగింది.

పథకం ఫలించిందా అంటే, లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు చాలా బడులకు ‘బేసిక్’ అని బోర్డు మార్చాయి, లోపల బట్టీ చదువు అలాగే ఉంది, చేతిపని పేరుకి ఒక పీరియడ్ అయింది. ఊళ్లో పేదల పిల్లలకి బేసిక్ స్కూలు, పట్నంలో ఉన్నవాళ్ల పిల్లలకి ఇంగ్లీషు కాన్వెంటు అన్న తేడా వచ్చేసరికి తల్లిదండ్రులు నమ్మడం మానేశారు. వాళ్లని తప్పుపట్టలేం. జాకిర్ హుస్సేన్ కూడా అమలైన తీరు మీద తన అసంతృప్తిని దాచుకోలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి వృత్తి పనుల పరిచయం, పది రోజులు బ్యాగు లేని బడి అంటోంది. వినడానికి బాగుంది, కానీ 1937లో ఆయన వేసిన ప్రశ్న అలాగే ఉంది: పని నేర్పేది పిల్లాడి బుర్ర పెరగడానికా, బడి ఖర్చు తగ్గడానికా?

విభజన రోజులకి వద్దాం. 1946లో తాత్కాలిక ప్రభుత్వం కోసం పేర్లు నడుస్తున్నప్పుడు కాంగ్రెస్ వైపు నుంచి జాకిర్ హుస్సేన్ పేరు వచ్చింది, జిన్నా ససేమిరా అన్నారు. లీగ్‌తో సంబంధం లేని ముస్లింని ఒప్పుకుంటే ముస్లింలందరి తరఫునా మాట్లాడే హక్కు తమదేనన్న వాదన దెబ్బతింటుంది. అదే ఏడాది నవంబర్ 17న జామియా రజతోత్సవం జరిగింది. కలకత్తా, నోవాఖలీ, బీహార్ మారణకాండలు జరిగి ఎంతో కాలం కాలేదు. ఆ వేదిక మీద నెహ్రూ, ఆజాద్ ఒక పక్క, జిన్నా, లియాఖత్ అలీ ఒక పక్క. ఆ రోజుల్లో వీళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టగలిగిన మనిషి ఇంకొకరు ఎవరున్నారో నాకు తట్టడం లేదు. వాళ్ల మొహం మీదే చెప్పారు, మంట ఎవరు పెట్టారో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఆర్పండి, దేవుడి పేరు మీద అడుగుతున్నాను అని. ఎవరూ ఆర్పలేదు. తర్వాతి ఏడాది ఆగస్టులో కశ్మీర్ వెళుతుండగా జలంధర్ స్టేషన్‌లో అల్లరి మూకల చేతికి చిక్కి ఆయనే చావు అంచుదాకా వెళ్లారు, ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడబట్టి బతికారు. సెప్టెంబర్‌లో ఢిల్లీ అల్లర్లలో కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల ప్రచురణ సంస్థని తగలబెట్టారు.

ఇంత జరిగాక 1948లో ఆయనకి అప్పగించిన పని అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ. 1920లో తను వదిలేసి వచ్చిన చోటే. పాకిస్తాన్ ఉద్యమానికి అది పెద్ద స్థావరమన్న పేరు పడిపోయింది, చాలామంది అధ్యాపకులు, విద్యార్థులు అటు వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు బిక్కుబిక్కుమంటున్నారు, మూసేయాలన్న మాటలూ వినిపిస్తున్నాయి. ఎనిమిదేళ్లు అక్కడ ఉండి దాన్ని నిలబెట్టారు. లోపలివాళ్ల భయాన్నీ, బయటివాళ్ల అనుమానాన్నీ ఒకేసారి మోయడం, అందులోనూ గుండెజబ్బు, షుగర్‌తో ఉన్న మనిషి. 1956లో పదవీకాలం ఇంకా ఉండగానే దిగిపోయారు.

ఆ తర్వాతివి నేను త్వరగా చెప్పేస్తాను. 1952 నుంచి రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు, 1957 నుంచి 1962 దాకా బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. అప్పటికి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, ఆయనా ప్రొఫెసరే. అంటే 1962 నుంచి 1967 దాకా దేశంలో మొదటి రెండు రాజ్యాంగ పదవుల్లోనూ టీచర్లే కూర్చున్నారు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. రాష్ట్రపతి అంటే ఏంటి? మన జనం మాటల్లో ఉత్సవ విగ్రహం, రబ్బరు స్టాంపు. రాజ్యాంగం 53వ అధికరణం చదివితే దేశ కార్యనిర్వాహక అధికారమంతా ఆయనదే, సైన్యానికి ఆయనే అధిపతి. 74 చదివితే ప్రధానమంత్రి నాయకత్వంలో మంత్రిమండలి ఆయనకి సహాయం, సలహా ఇస్తుందని ఉంది. ఆ సలహాకి కట్టుబడి తీరాలని 1967లో అక్కడ స్పష్టంగా రాసిలేదు. అది 1976లో 42వ సవరణతో వచ్చింది, ఒకసారి వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనే వెసులుబాటు 1978లో 44వ సవరణతో వచ్చింది. 1955లోనే సుప్రీంకోర్టు రాష్ట్రపతి నామమాత్ర అధిపతి అని తేల్చినా, 1960లో రాజేంద్రప్రసాద్ గారు ఈ అధికారాల మీద సరిగ్గా అధ్యయనం జరగాలని బహిరంగంగానే అన్నారు. అంటే 1967 నాటికి ఈ కుర్చీలో ఎంత బలముందో పూర్తిగా తేలలేదు. కాంగ్రెస్‌కి లోక్‌సభలో 520కి 283 సీట్లే వచ్చి, చాలా రాష్ట్రాలు చేజారిపోయిన ఆ ఏడాది, ఎవరు కూర్చుంటారన్నది అందుకే అంత టెన్షన్ పెట్టింది. రేపు ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే ప్రధానిగా ఎవర్ని పిలవాలో నిర్ణయించేది ఆ కుర్చీలో ఉన్న మనిషే కదా.

కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్ రాధాకృష్ణన్‌నే ఇంకోసారి కొనసాగిద్దామన్నారు. ఇందిరా గాంధీ జాకిర్ హుస్సేన్ కావాలన్నారు, పట్టుబట్టి సాధించుకున్నారు. ప్రతిపక్షాలు సుబ్బారావు గార్ని నిలబెట్టాయి. ఓటు వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. అందరి ఓటుకీ ఒకే విలువ ఉండదు, ఆ రాష్ట్ర జనాభాని అసెంబ్లీ సీట్లతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె ఒక ఎమ్మెల్యే ఓటు విలువ. ఆంధ్రప్రదేశ్‌ది తీసుకోండి: 1961 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 3 కోట్ల 60 లక్షలు, సీట్లు 287, కాబట్టి మన ఎమ్మెల్యే ఓటు విలువ 125. ఉత్తరప్రదేశ్‌లో అది 174. ఎంపీ ఓటు విలువ ఆ ఎన్నికలో 576. రహస్య ఓటింగ్, పార్టీ విప్ చెల్లదు. కాంగ్రెస్ రాష్ట్రాల్లో ఓడింది కాబట్టి సొంతవాళ్లు కొంతమంది గోడ దూకితే చాలు, ఫలితం తారుమారు.

ప్రచారంలో ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఒక వైపు ముస్లింని రాష్ట్రపతిని చేస్తే దేశం ఏమైపోతుందన్న గొణుగుడు, ఇంకో వైపు ఈయన్ని ఓడిస్తే మన లౌకికవాదం పరువేం కావాలన్న వాదన. ప్రభుత్వంతో ఎన్నో పేచీలున్న జయప్రకాశ్ నారాయణ్ కూడా జాకిర్ హుస్సేన్‌నే సమర్థించారు. కానీ ఈ రెండు వాదనల్లోనూ ఓఖ్లా బడి లేదు, వార్ధా నివేదిక లేదు, అలీగఢ్‌లో ఎనిమిదేళ్లు లేవు. సుబ్బారావు గారికీ అలాగే అన్యాయం జరిగింది. హక్కుల మీద అంత లోతుగా ఆలోచించిన జడ్జి, ప్రధాన న్యాయమూర్తి కుర్చీ నుంచి నేరుగా రాజకీయ పోటీకి దిగినందుకు విమర్శల పాలయ్యారు. ఆ విమర్శలో న్యాయముందనే నా అభిప్రాయం, కాకపోతే దాని నీడలో ఆయన తీర్పుల విలువ కూడా కొన్నాళ్లు మసకబారింది.

మే 6న ఓటింగ్. జాకిర్ హుస్సేన్‌కి 4,71,244 ఓట్లు, సుబ్బారావుకి 3,63,971. అంటే 56 శాతం చిల్లర. మొత్తం 17 మంది పోటీ చేస్తే అందులో తొమ్మిది మందికి ఒక్క ఓటు కూడా పడలేదు. ఎవరు పడితే వాళ్లు నామినేషన్ వేయకుండా ప్రతిపాదకులు, డిపాజిట్ నిబంధనలు 1974లో బిగించారు. అంతకుముందు 1962లో రాధాకృష్ణన్‌కి 5,53,067 ఓట్లు వస్తే రెండో స్థానంలో ఉన్న మనిషికి 6,341. ఈ రెండు ఎన్నికల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రాష్ట్రపతి ఎన్నిక నిజమైన పోటీగా మారింది ఎప్పుడో తెలిసిపోతుంది.

మే 13న ప్రమాణం చేశాక చేసిన ప్రసంగంలో భారతదేశమంతా నా ఇల్లు, ఇక్కడి జనం నా కుటుంబం అన్నారు. ఈ మాట అందరూ చెబుతారు. అదే ప్రసంగంలో ఇంకో మాట ఉంది, చాలాకాలంగా ప్రజల చదువుతో నాకున్న అనుబంధం వల్లే ముఖ్యంగా నన్ను ఈ పదవికి పిలిచారని అనుకుంటున్నాను అని. మతం గురించి దేశమంతా కొట్టుకున్న ఎన్నికలో గెలిచి, దాని ఊసెత్తకుండా, నేను టీచర్ని కాబట్టి ఇక్కడికొచ్చాను అని చెప్పారు. తన గురించి ఆయన చెప్పుకున్నది అది. మనం గుర్తుపెట్టుకున్నది వేరేది.

రాష్ట్రపతిగా ఏం చేశారు? ఇక్కడ ఆయన అభిమానులు కొంచెం ఇబ్బంది పడతారు. పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్, బీహార్, హర్యానా, పంజాబ్, వరసగా ప్రభుత్వాలు కూలుతున్నాయి, రాష్ట్రపతి పాలన కాగితాలు ఆయన ముందుకొస్తున్నాయి, సంతకం పెడుతున్నారు. ఆయన ప్రభుత్వంతో బహిరంగంగా తలపడిన సందర్భం ఒక్కటి కూడా లేదు. రాధాకృష్ణన్ దిగిపోయే ముందు 1967 రిపబ్లిక్ డే సందేశంలో పాలనలో అసమర్థతని, వనరుల దుబారాని క్షమించలేమని గట్టిగానే అన్నారు. జాకిర్ హుస్సేన్ నుంచి అలాంటి మాట రాలేదు. చైనా యుద్ధం నాటి ఎమర్జెన్సీ 1968 జనవరిలో, ఆయన హయాంలోనే, ఎత్తేశారు. అది మంచి విషయమే, అయినా అది ప్రభుత్వ నిర్ణయం.

నా ఉద్దేశంలో ఈ మౌనానికి రెండు కారణాలున్నాయి. ఒకటి ఆయన అలవాటు: జామియాలో నవాబుల్ని ఒప్పించినా, వార్ధాలో గాంధీతో విభేదించినా, అలీగఢ్‌లో భయపడినవాళ్లని నిలబెట్టినా, అంతా ఎదురుగా కూర్చుని, మాటతో, సహనంతో చేసిన పనే. చేతిలో అధికారం లేని చోట పని జరిపించడం ఆయనకి తెలిసిన విద్య, అది నాలుగు గోడల మధ్య జరిగేది, పత్రికలకెక్కేది కాదు. రెండోది ఇంకా కష్టమైనది. రాధాకృష్ణన్ ప్రభుత్వాన్ని విమర్శిస్తే అది ఒక తత్వవేత్త అభిప్రాయం. అదే మాట జాకిర్ హుస్సేన్ అంటే మర్నాడు దానికి మతం రంగు పులిమేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ప్రతీకగా కూర్చోబెట్టిన మనిషికి నోరు విప్పే స్వేచ్ఛ తగ్గిపోతుంది. అయినా సరే, రాష్ట్రాల్లో ఇన్నేసి ప్రభుత్వాలు పడిపోయిన ఆ రెండేళ్లలో ఆయన ఒకటి రెండు సార్లయినా గొంతు విప్పి ఉంటే బాగుండేదనే నాకనిపిస్తుంది.

1969 మే 3న, ఈశాన్య పర్యటన నుంచి అలసిపోయి వచ్చిన కొన్ని రోజులకే, రాష్ట్రపతి భవన్‌లో గుండెపోటుతో పోయారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు.

ఉత్సవ విగ్రహం కుర్చీ ఖాళీ అయితే ఏమవుతుందో అప్పుడు దేశం చూసింది. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి, బరంపురంలో పుట్టిన తెలుగాయన, తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆయన కూడా తప్పుకుంటే ఎవరు? రాజ్యాంగంలో జవాబు లేదు, అందుకని ఆ నెలలోనే పార్లమెంటు చట్టం చేసి ప్రధాన న్యాయమూర్తిని ఆ వరసలో పెట్టింది. జులై 19న బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు గిరి రాజీనామా చేసి ఎన్నికలో దిగారు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఐదు వారాలు రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇండిపెండెంట్‌గా గిరి, ఇద్దరూ మనవాళ్లే. ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆ నవంబర్‌కి కాంగ్రెస్ రెండుగా చీలింది. ఇందిరకీ, సిండికేట్ అని పిలిచే కాంగ్రెస్ పాత పెద్దలకీ గొడవ అప్పటికే ముదిరి ఉంది, ఎప్పటికైనా తెగేదే. కానీ జాకిర్ హుస్సేన్ తన పదవీకాలం పూర్తిచేసి 1972 దాకా ఉండి ఉంటే, అది ఆ ఏడాది, ఆ కుర్చీ మీద తెగేది కాదు.